ఆకు ఖాళీ చేసిన ఇటలీగారు

ఆ రోజుల్లో మా బందరులో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు రెండే రకాలు: గోల్ కొట్టేవాళ్ళు, తక్కినవాళ్ళు. గోల్ కొట్టినవాడికి గోలీసోడా, భుజాల మీద ఊరేగింపు, మర్నాడు కోనేరు సెంటర్లో అడుగడుగునా పలకరింపులు. తక్కినవాళ్ళకి లాగూ నిండా దుమ్ము. నేను మైదానం మధ్యలో ఆడేవాణ్ణి కనక తక్కినవాళ్ళలో కూడా తక్కినవాణ్ణి. వెనకవాళ్ళు తన్నిన బంతి అందుకుని ముందువాళ్ళకి అందించడం నా పని. పెళ్ళిలో వడ్డించేవాడి ఫోటో ఎవరు తీస్తారు చెప్పండి? మా జట్టుని నడిపే సైకిల్ షాపు పెద్దాయన్ని ఊరంతా మావయ్య అనేది. ఆయన నన్ను చూసినప్పుడల్లా, "ఏరా, ఇన్నేళ్ళయింది, ఒక్క గోలన్నా కొట్టావట్రా? గోడకి తగిలిన బంతి కూడా ఎప్పుడో ఒకప్పుడు లోపలికి పోద్ది. నీ కాలికి తగిలిన బంతి పోదేంరా?" అనేవాడు. నేను వంగి బూటు లేసు కట్టుకునేవాణ్ణి. (నా దగ్గర జవాబు లేని సందర్భం అదొక్కటే అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.)

అప్పుడే నాకు దివిసీమలో, నాగాయలంక దగ్గర రొయ్యల కంపెనీలో ఉద్యోగం దొరికింది. రొయ్యల్ని గడ్డకట్టించే మిషను బిగించడానికి ఇటలీ నుంచి ఒకాయన వచ్చాడు. పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరక్క అందరం ఇటలీగారు అనేవాళ్ళం. నాకొచ్చిన ఇంగ్లీషూ ఆయనకొచ్చిన ఇంగ్లీషూ కలిపితే సరిగ్గా ఒక మనిషికి సరిపోయేది. అందుకని నన్ను ఆయనకి దుబాసీగా వేశారు. ఒకరోజు మిషను పక్కన పడున్న కొబ్బరికాయని ఆయన కాలి అంచుతో అలా లేపి, మోకాలి మీద ఆపి, మెల్లగా నా కాళ్ళ దగ్గర పెట్టాడు. అడిగితే, ఇటలీలో ఫుట్‌బాల్ ఆడేవాణ్ణన్నాడు. ఆ ఆదివారమే బందరు వెళ్ళి మావయ్యకి చెప్పేశాను. కాస్త ఉప్పూ కారం తగిలించాననుకోండి. అంతటివాడు నా స్నేహితుడంటే జట్టులో నా పరపతి పెరుగుతుందని ఆశ.

మావయ్య చేతిలో పంపు కింద పెట్టి, "అయితే వచ్చే ఆదివారం గుడివాడ వాళ్ళతో ఫైనల్‌కి ఆయన్ని దింపు," అన్నాడు.

"ఎవరి బదులండీ?"

"నీ బదులేరా! మధ్యలోనేగా ఆడేది! ఆయన గెలిపించాడంటే ఇంక నీకు బూట్లతో పన్లేదు. సోడాలు అందిద్దువుగాని."

నా నోరే నా గొయ్యి తవ్వింది. ఆదివారం పొద్దున ఆయన్ని బస్సెక్కించుకుని బయల్దేరాను. అవనిగడ్డ దాటాక అడిగాను, ఇంతకీ ఎంత పెద్ద ఆటగాడివని. ఆయన నవ్వి, మూడో డివిజన్ అన్నాడు, కొన్నేళ్ళు నాలుగోది కూడా అన్నాడు. పగలంతా ఫ్రిజ్‌లు చేసే ఫ్యాక్టరీలో పని, సాయంత్రం చలిలో, బురదలో ప్రాక్టీసు. ఆదివారమొస్తే ఇలాంటి బస్సులోనే ఎక్కడెక్కడి ఊళ్ళకో ప్రయాణం. చూడ్డానికొచ్చే కొద్దిమందిలో సగం గోల్‌కీపర్ చుట్టాలేనట. ఒక ఏడాది జట్టు పైమెట్టు ఎక్కితే ఊరంతా పండగ చేసుకుందట, మరుసటేడు ఆటుపోటులాగా మళ్ళీ కిందికి జారిందట. పేపర్లో ఆయన పేరు ఎప్పుడూ సరిగ్గా పడలేదట. చివరికి మోకాలు పోయింది. "గోల్స్?" అన్నాను భయపడుతూ. నాలుగు వేళ్ళు చూపించాడు. తర్వాత ఒక వేలు మడిచి, "ఇది మా గోల్లోనే," అన్నాడు.

నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. నా అన్న ఎవరో ఇటలీలో తప్పిపోయి చల్లపల్లి బస్సులో దొరికినట్టయింది. అయినా బూట్లు బూట్లే కదండీ!

మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. అమ్మ అరిటాకు వేసి ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర రొయ్యలు, కొరమీను పులుసు, పులిహోర అన్నీ వడ్డించింది. వాళ్ళ దేశంలో పెట్టింది మిగిలిస్తే వంట చేసినవాళ్ళని అవమానించినట్టట. పాపం, చెమటలు కక్కుతూ ఆకు నున్నగా ఖాళీ చేశాడు. మా ఇంట్లో ఖాళీ ఆకంటే ఇంకా ఆకలిగా ఉన్నట్టు. అమ్మ, "అయ్యో, దేశంకాని దేశంలో ఎన్నాళ్ళ ఆకలో!" అంటూ మళ్ళీ నింపింది. ఆయన మళ్ళీ ఖాళీ చేశాడు. అమ్మ మళ్ళీ నింపింది. చెయ్యి అడ్డం పెడితే, "మొగమాటపడుతున్నాడ్రా," అని వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసింది. కొంతసేపటికి ఆయన నా వైపు వంగి, "మీ అమ్మగారికి నామీద కోపమా?" అని రహస్యంగా అడిగాడు. ఆకు మడవమని నేనొక్క మాట చెప్తే సరిపోయేది. ఆకు మడవడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు ఆ క్షణాన తట్టలేదు. (నిజంగానే తట్టలేదండీ. మీరు నమ్మకపోతే నేనేం చెయ్యను!) గడ్డపెరుగు అయ్యాక తొక్కుడు లడ్లు వచ్చాయి.

గ్రౌండులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఇటలీగారు బూటు లేసు కట్టుకోవడానికి కింద కూర్చున్నాడు. కూర్చున్న మనిషి ఇక లేవలేదు. నేనూ మావయ్యా చెరో రెక్కా పట్టి లేపినా కూలబడ్డాడు. మావయ్య నెత్తి బాదుకుని, "ఆయనకేం పెట్టార్రా?" అన్నాడు.

"అన్నం పెట్టామండీ."

"అన్నం పెట్టారా, ధాన్యం బస్తా ఎత్తారా?"

ఇటలీగారు కుర్చీ తెప్పించుకుని గీత పక్కన కూర్చుని, నా వైపు చెయ్యి చూపించాడు. మావయ్య నాలుగు తిట్లు తిట్టి నన్నే దింపాడు. దింపుతూ, "ఇదే నీకు ఆఖరి ఆట," అన్నాడు. ఇంటర్వెల్‌లో ఇటలీగారు నన్ను పిలిచి, "బంతి వచ్చాక చూడకు. రాకముందే చూడు. తోచకపోతే నన్ను చూడు," అన్నాడు. అప్పట్నించి నేను ఎటు ఇవ్వాలో రెండు వేళ్ళు చాపి చూపించేవాడు. అటు ఇచ్చేవాణ్ణి. ఆశ్చర్యం, అక్కడ ఎప్పుడూ మావాడొకడు ఉండేవాడు!

ఆట అయిపోవస్తోంది. రెండువైపులా ఒక్క గోలూ లేదు. అప్పుడు గుడివాడ గోలు ముందు బంతి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. మావయ్య గొంతు చించుకుంటున్నాడు: "కొట్టరా! ఒరేయ్, ఈ జన్మలో ఒక్కటి కొట్టరా!" గోల్‌కీపర్ నా మీదికి ఉరికొస్తున్నాడు. సందు లేకపోలేదు. సోడా, ఊరేగింపు, కోనేరు సెంటర్ అన్నీ కళ్ళముందు తిరిగాయి. కుర్చీ వైపు చూశాను. రెండు వేళ్ళు ఎడం పక్కకి ఉన్నాయి. ఎడం పక్కన గిలకలదిండి నుంచి వచ్చి మా జట్టులో ఆడే సొర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. (సొరచేపలా వెళ్తాడని ఆ పేరు.) పక్కకి నెట్టాను. సొర కొట్టాడు.

ఊరు ఊరంతా సొరని భుజాలకెత్తుకుంది. మావయ్య నా దగ్గరికొచ్చి, గెలిచిన సంతోషం ఒక కంటా, నామీద కోపం ఒక కంటా పెట్టుకుని, "నువ్వే కొట్టచ్చు కదరా!" అన్నాడు. అంతలో ఇటలీగారు కుర్చీలోంచి తనంతట తాను లేచి, పొట్ట పట్టుకుని నడిచొచ్చి, నా చెయ్యి గట్టిగా ఊపి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడ్రా?"

ఆయనన్నది, "చాలా బాగా ఆడావు. ఎవరికీ గుర్తుండదు," అని. నేను మావయ్యకి చెప్పింది, "మధ్యలో ఎప్పటికీ వీణ్ణే పెట్టాలి, తీసేస్తే ఇటలీలో బందరు పరువు పోతుంది అంటున్నారండీ," అని. మావయ్య ఇటలీ వైపు నుంచి అంత ఒత్తిడి ఊహించలేదు. నా మోకాళ్ళు మొరాయించేదాకా నన్ను మళ్ళీ కదపలేదు.

ఈ కథ నేను చెప్పని చోటు లేదు. మొదట్లో మూడో డివిజన్ అనే చెప్పేవాణ్ణి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన రెండో దానికెక్కాడు, తర్వాత మొదటిదానికి. మొన్న పామర్రులో బస్సు ఆలస్యమైతే, పక్కనున్నాయన బాగా వింటున్నాడని ప్రపంచ కప్పు దాకా తీసుకెళ్ళాను. (బెంచీ మీదే కూర్చోబెట్టాను లెండి, మరీ అన్యాయం చెయ్యకూడదు.) గిలకలదిండిలో చేపల వ్యాపారం చేసే సొర ముందు చెప్పినా వాడు తల ఊపుతూ వింటాడు, చివర్లో మాత్రం, "బావా, ఆ రోజు నువ్వే కొట్టుండచ్చు, నాకెందుకిచ్చావ్?" అంటాడు. ఇన్ని కోతలు కోసే నేను, ఆ గోల్ నేనే కొట్టానని ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు. కొత్త ఊరు, కొత్త మనిషి, అడిగేవాడు లేడు, మాట నాలిక చివరిదాకా వస్తుంది. సరిగ్గా అప్పుడే ఎక్కణ్ణుంచో రెండు వేళ్ళు పక్కకి చూపిస్తాయి. నేను నవ్వుకుని, కథని సొరకి అందించేస్తాను.