డైరెక్టరుకు మాత్రమే ఒంట్లో నలత

మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘంలో ఎల్డన్ స్ట్రిక్‌లర్ ఒక్కడే ముగ్గురు. ఐదుగురు డైరెక్టర్లలో ఆయనొకడు, ప్రెసిడెంటు ఆయనే, సెక్రటరీ కూడా ఆయనే. పదవులకు ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో వచ్చిన చిక్కు ఇది. ఆ ముగ్గురినీ ఒకరితో ఒకరిని కలవనివ్వకుండా చూడడమే ఆయన జీవితాశయం. మీటింగులో పదవి మారినప్పుడల్లా లేచి కుర్చీ మారేవాడు.

ఓ పొద్దున కుక్కతో ఎదురైతే బాగున్నారా అని పలకరించాను. ఎవర్ని అడుగుతున్నావన్నాడు. పక్కింటాయన్ని అన్నాను. అయితే బాగానే ఉన్నానన్నాడు.

ఒకసారి ఆయన ఉత్తరాల డబ్బాకు రంగు వెలిసింది. రంగు వేయించమని సెక్రటరీగా తనకు తనే నోటీసు పంపుకున్నాడు. అందుకున్నాక ఇంటి యజమానిగా మనసు కష్టపెట్టుకుని, ఆ సెక్రటరీకి మర్యాద తెలియదని నా దగ్గర వాపోయాడు. ప్రెసిడెంటుకు ఫిర్యాదు చెయ్యమన్నాను.

"ఆయన సెక్రటరీ చెప్పిందే వింటాడు," అన్నాడు దిగులుగా.

జూన్ వస్తే అరిజోనా ఎండకు తాళలేక మా ఐదుగురు డైరెక్టర్లలో ఇద్దరు చల్లటి ఊళ్ళకు చెక్కేస్తారు. మిగిలేది ఎల్డన్, బెర్నిస్, నేను. మీటింగు చెల్లాలంటే కోరానికి ముగ్గురమూ ఉండాల్సిందే. ఆ ఏడు బెర్నిస్ ఒక తీర్మానం పట్టుకొచ్చింది. మా కాలనీలోనే ఉండే లియోటా ఇంటి ముందు ఆమె తమ్ముడు వర్జిల్ ట్రెయిలరు బండి పెట్టుకుని అందులోనే ఉంటున్నాడు, నిబంధనలు ఒప్పుకోవు, దాన్ని అక్కణ్ణించి తీయించెయ్యాలి అని. ఉద్యోగం పోయి, ఇల్లు పోయి, వర్జిల్‌కు మిగిలిన నీడ అదొక్కటే. లియోటా వెనక వరసలో కూర్చుని చేతిసంచి నలుపుకుంటోంది. నాకు ప్రాణం ఉసూరుమంది. నిబంధన బెర్నిస్ వైపే ఉంది, ఎల్డన్‌కు నిబంధన అంటే ప్రాణం.

ఎల్డన్ డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు.

"డైరెక్టరుగా నాకు ఒంట్లో నలతగా ఉంది. ఇంటికి పోతున్నా," అని గుమ్మం దాటాడు.

మరుక్షణం లోపలికొచ్చి ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాడు. డైరెక్టర్లు ఇద్దరే ఉన్నారనీ, కోరం లేదు గనక మీటింగు ముగిసిందనీ ప్రకటించాడు. పక్క కుర్చీలోకి జరిగి సెక్రటరీగా ఆ మాట రాసుకున్నాడు.

"ఇక్కడే ఉన్నారు కదండీ మీరు," అంది బెర్నిస్.

"నాకేం, బాగానే ఉన్నానమ్మా. నలత ఆయనకి."

నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆ మనిషి మీద ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను.

జులైలోనూ డైరెక్టరుకు నలత చేసింది. ఆగస్టు మీటింగు మొదలయ్యే ముందు లియోటా వచ్చి, తమ్ముడికి పని దొరికిందనీ, వచ్చే నెలలో గది తీసుకుంటున్నాడనీ చెప్పింది. బెర్నిస్ తీర్మానం వెనక్కి తీసుకోలేదు. సంచిలోంచి మూతగిన్నె తీసి, వేడి కోడి సూపు ఖాళీ డైరెక్టరు కుర్చీ ముందు పెట్టింది.

ప్రెసిడెంటు కుర్చీలోంచి ఎల్డన్ ఆశగా చెయ్యి చాచాడు.

"మీక్కాదు," అంది బెర్నిస్. "ఆ జబ్బాయనకి. ఇంకో నెల దాకా కోలుకోవద్దన్నానని చెప్పండి."