ఈగల మందు పోసిన టానిక్ సీసా

మా దుర్గకి అప్పుడు నాలుగేళ్ళు. ఆ మధ్యాహ్నం నేను ఒడ్డున ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు తిరగేసి ఇంటికొచ్చేసరికి పిల్ల గడపలో కూర్చుని చొంగ కారుస్తోంది. గౌను ముందంతా తడిసిపోయింది. లేపితే కాళ్ళు నిలవలేదు. వడదెబ్బేమో అనుకున్నాను. మా అత్త పిల్ల నోరు వాసన చూసి, "ఒసేయ్, ఇది మందు తాగిందే" అంది.

మందంటే ఈగల మందు. చేప మీద ఈగ వాలితే పురుగు పడుతుంది, పురుగు పడితే సరుకు తీసుకోనంటాడు షావుకారు. అందుకని చేలకి కొట్టే పురుగుమందు ఆయనే విడిగా పోసి ఇచ్చేవాడు. నీళ్ళలో కలిపి చేపల మీద చిలకరించేవాళ్ళం. సీసా మాత్రం మనమే పట్టుకెళ్ళాలి. నేను పట్టుకెళ్ళింది దుర్గ దగ్గు టానిక్ సీసా. శుభ్రంగా కడిగి మరీ పట్టుకెళ్ళాను. ఆ తియ్యటి టానిక్ అంటే పిల్లకి ప్రాణం.

మా అత్త క్షణం ఆగలేదు. కక్కించాలని పేడ నీళ్ళలో కలిపి, ముక్కు మూసి, పిల్ల గొంతులో పోసింది. మా పాలెంలో ఎవరేం మింగినా అదే వైద్యం. పిల్ల చేతులు పట్టుకున్నది నేనే.

ఆటోలో పాలకొల్లు పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మగారు టార్చి వేసి కళ్ళు చూశారు.

"కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. ఏం మందమ్మా?"

"ఈగల మందండి."

"ఈగల మందంటే ఏంటి? పేరు చెప్పు. సీసా తెచ్చావా?"

తెచ్చాను. దాని మీదున్నది దగ్గు టానిక్ పేరు. మా ఆయన అదే ఆటోలో వెనక్కి షావుకారు కొట్టుకి పరిగెత్తాడు. "నేనే మందూ ఇవ్వలేదు" అన్నాడట ఆ పెద్దమనిషి. డబ్బా ఆయన వెనకే ఉందట.

డాక్టరమ్మగారు లక్షణాలు చూసే వైద్యం మొదలుపెట్టారు. విరుగుడుగా ఎట్రోపిన్, పామ్ అనే ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండో రోజుకి పిల్ల నన్ను గుర్తుపట్టి నీళ్ళడిగింది. గండం గడిచిందనుకున్నాం. మర్నాడు జ్వరం, ఎగశ్వాస. ఎక్స్‌రే తీశారు.

"న్యుమోనియా. ఆ విషానికి విరుగుడు ఉందమ్మా. మీరు పట్టిన పేడ ఊపిరితిత్తుల్లోకి పోయింది. దానికేం విరుగుడు ఇవ్వను?"

ఆక్సిజన్ పెట్టారు. ఇరవై రోజులున్నాం. ఒకరోజు ఆవిడే అడిగారు, "మీరూ ఆ చేపలే తింటారా?"

"లేదండి. ఇంటికి వేరే గంపండి. దాని మీద మందు కొట్టం."

నా మీద నాకే అసహ్యం వేసింది. తెలియక కొట్టామనడానికి కూడా లేదు. షావుకారుని తిట్టడానికి ఇక నాకు నోరెక్కడిది?

దుర్గ ఇప్పుడు తొమ్మిదో తరగతి. పరిగెత్తితే ఆయాసం వస్తుంది. ఇది చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. పిల్ల ఏదైనా మింగితే గొంతులో ఏమీ పోయకండి, ఆ సీసా పట్టుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి.

నేనిప్పుడు చేపలకి ఉప్పు పట్టించి, పాత వల కప్పి ఎండబెడుతున్నాను. అయినా ఈగలు వాలతాయి. మొన్న సంతలో ఒకావిడ ముక్కు చిట్లించింది.

"ఈగలేంటండి ఇలా ఉన్నాయి?"

"వాలి మళ్ళీ ఎగురుతున్నాయి కదండీ" అన్నాను.

ఆవిడ పక్క గంప దగ్గరికి వెళ్ళింది. దాని మీద ఒక్క ఈగ లేదు. వెళ్ళొద్దని చెప్పాను, కారణం కూడా చెప్పాను. నా బేరం పోయిందని అక్కసు అనుకున్నట్టుంది. పిల్లలకి వేపుడంటే ఇష్టమని చెబుతూ అక్కడే అరకిలో కట్టించుకుంది.