రోలంతా ఫాగే!

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇవాళే రాస్తున్నాను.

మట్టెవాడలో మా వీధి చివరి పాత భవంతిని కూల్చేస్తారని తెలిసి, మొన్న ఆదివారం తెల్లవారుతుండగానే కెమెరా పట్టుకుని వెళ్లాను. దట్టమైన పొగమంచు. చెక్కిన టేకు స్తంభాలు, పెద్ద దర్వాజా సగం కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. అరుగు ముందు గొంగడి కప్పుకున్న ముసలాయన చలిమంట కాచుకుంటున్నాడు. ఫిలిం రోలంతా అక్కడే అయిపోయింది.

అదే వీధిలో ఉన్న ఫొటో స్టూడియో ఆయనకు రోలు ఇస్తూ, "రోలంత ఫాగే అన్నా, జర జాగ్రత్తగ కడుగు" అన్నాను. మంచు అంటే నా సొమ్మేం పోయేది!

ఇవాళ సాయంత్రం ఫొటోల కోసం వెళ్తే, పొద్దుటి నుంచీ డార్క్‌రూంలోనే ఉన్న ఆయన బయటికొచ్చి ఖాళీ చేతులు చూపించాడు.

"మీరే చెప్పిండ్రు గద సార్, రోలంత ఫాగే అని! లైటు తాకి ఖరాబైన రోలునే మేం ఫాగంటం. ఇంక దాన్ని కడిగేదేంది? చుట్టుకునే స్పూలు మాత్రం తీస్కొని ఫిలిం పారేసిన."

"ఫాగంటె మంచు! ఆ చివరి పాత ఇంటి మీది పొగమంచు!" అని అరిచాను.

"అరె, గట్లనా! ఫికర్ చెయ్యకుండ్రి సార్, కొత్త రోలు నేనిస్త. ఇల్లు యాడికి పోతది? రేపు మల్ల తీస్కోండ్రి."

చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి వీధి చివరికి చూపించాను. కూల్చడం పొద్దున్నే మొదలుపెట్టారు. స్తంభాలు అప్పటికే లారీ ఎక్కాయి. సున్నం దుమ్ము వీధంతా తెల్లగా కమ్ముకుంది.

ఆయన అటు చూసి, "గిదేనా సార్, మీరన్న ఫాగు?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. మీకు వస్తే, దయచేసి నా ఎదుట నవ్వకండి.