మనవడి ముడి, నేను మొక్కిన మొక్కు

మా రోజుల్లో మగవాడి జుట్టు ఇంట్లో మాట్లాడుకునే విషయమే కాదు. నెలకో ఆదివారం కటింగ్ చేసే ఆయన వాకిట్లోకి వచ్చేవాడు. ఇంట్లో మగవాళ్ళందరూ వయసు వరుసన పీట మీద కూర్చునేవాళ్ళు. మామగారి నుంచి లాగు జారిపోయే పిల్లవాడి దాకా అందరికీ ఒకటే కటింగ్. అట్లా ఒక భర్తనూ ఇద్దరు కొడుకులనూ పొట్టి జుట్టుతోనే నడిపించి, ఇక ఆ బాధ్యత తీరిందనుకుని కూర్చున్న నాకు, అరవై దాటాక భుజాల కిందికి జుట్టున్న మనవడు ఒకడు తగిలాడు. (నేను చదివింది మూడో తరగతి. ఇందులో తప్పులుంటే దిద్దమని మనవరాలికి ఇచ్చాను. అక్షరాలు మాత్రమే దిద్దమన్నాను, సంగతులు కాదు.)

వాడు నా కూతురి కొడుకు. వాళ్ళ అమ్మానాన్న అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల్లో పనిచేస్తూ అక్కడే ఉంటారు. వీడు నర్సింగు చదవడానికి పెనుబల్లి దగ్గరున్న మా ఊరికి వచ్చాడు. చదువు అయ్యాక మా ఇంట్లోనే ఉంటూ, దగ్గర్లోని పట్నంలో ఒక ప్రైవేటు దవాఖానాలో స్టాఫ్ నర్సుగా చేరాడు. మూడు నెలలు చూస్తాం, నచ్చితేనే ఉంచుకుంటాం అన్నారట. మగపిల్లవాడు నర్సు కావడం మీద నాకు పేచీ లేదు. (ఉండేది. నాకు జ్వరం వచ్చినప్పుడు సూది వేసి, "అయిపోయింది అమ్మమ్మా" అని వాడు చెప్పేదాకా వేసినట్టే తెలియలేదు. ఆ రోజుతో పోయింది.) నా పేచీ అంతా జుట్టుతోనే. నాకు వారం వచ్చే కొబ్బరినూనె వాడికి రెండు రోజులు వచ్చేది కాదు. "ఎందుకురా గిది?" అంటే "మంచిగుంటది అమ్మమ్మా" అనేవాడు. పంతం కాదు, కోపం కాదు, ఉత్తగా మంచిగుంటదట! కారణమంటూ చెబితే దాన్ని పట్టుకుని తిట్టవచ్చు. కారణమే లేని పనిని ఎట్లా తిట్టాలో తెలియక, వచ్చిన తిట్లన్నీ తిట్టాను.

డ్యూటీకి పోయేటప్పుడు మాత్రం వంక పెట్టడానికి ఉండేది కాదు. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, జుట్టంతా వెనక్కి దువ్వి, బిగించి ముడి వేసి, ఒక్క వెంట్రుక లేవకుండా పిన్నులు పెట్టేవాడు. యాభై ఏళ్ళుగా ముడి వేస్తున్నాను, నా ముడి ఏనాడూ మధ్యాహ్నం దాకా నిలవలేదు. ఆ సంగతి వాడికి చెప్పలేదనుకోండి.

రెండో నెలలో ఒకరోజు వాడు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ, "సోమవారం లోపల కటింగ్ చేయించుకొని రమ్మన్నది హెడ్ సిస్టర్. లేకుంటే మానుకొమ్మన్నది. ఆడ స్టాఫ్‌కు ముడి, మగ స్టాఫ్‌కు పొట్టి జుట్టు, గదే రూలట" అన్నాడు. "మంచిగైంది. నేను చెప్తే వినకపోతివి, ఆమె చెప్తే వింటవ్" అన్నాను. వాడు సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. నా ఇంట్లో కంచంలో అన్నం మిగలడం అదే మొదటిసారి. నేను చూస్తూ ఊరుకోవడం కూడా.

మర్నాడు దవాఖానాకు బయలుదేరాను. హెడ్ సిస్టర్‌ను చూసి, "కటింగ్ నేను చేయిస్త, పిలగాని నౌకరి మాత్రం తియ్యకు బిడ్డా" అని చెప్పి రావాలని. వార్డు బయట బెంచీ మీద కూర్చుంటే లోపల వాడు కనిపిస్తున్నాడు. ములకలపల్లి అడవి వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయనకు సెలైన్ పెడుతున్నాడు. ఆ ముసలాయనకూ తెల్లటి ముడి ఉంది. ఆయన వాడి ముడిని చూపించి, తన ముడిని చూపించి, వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో పక్క మంచం దగ్గరున్న మీసాలాయన, "ఏం నర్సమ్మా, పూలు పెట్టుకోకుండనే వచ్చినవ్?" అన్నాడు. వార్డంతా ఘొల్లుమంది. నా వెనక నుంచి హెడ్ సిస్టర్ గబగబా లోపలికి పోయి, "విన్నవా? గిందుకే చెప్తున్న. పేషెంట్లు గిట్ల నవ్వితే దవాఖానా పరువు ఏంగావాలె?" అని అందరి ముందే వాణ్ణి అడిగింది.

నేను తిట్టడం వేరు. ఇంకొకరు తిట్టడం వేరు. గుమ్మం దాకా పోయి వాడి అమ్మమ్మనన్నాను. ఆ తర్వాత చెప్పాలనుకున్న మాట ఒకటైతే, నా నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. "అది మొక్కు జుట్టు!"

మీసాలాయన మీసం మీది నుంచి చెయ్యి తీశాడు. హెడ్ సిస్టర్ కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుని బిడ్డ. గనిలోకి దిగిన తండ్రి పైకి వచ్చేదాకా దేవుళ్ళకు మొక్కుకుంటూ పెరిగిన మనిషి. ఆమె గొంతే మారిపోయింది.

"ఏ దేవునికి పెద్దమ్మా?"

"భద్రాద్రి రామునికి."

"మరి పిలగాడు చెప్పకపాయె?"

"సిగ్గు వానికి."

మనవడు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. హెడ్ సిస్టర్ మాత్రం, "మొక్కు జుట్టైతే కత్తెర ముట్టొద్దు. ఎప్పుడు తీరుస్తున్నరు?" అంది. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధం ఆగుతుందా? "ఈ ఆదివారమే" అన్నాను. "మంచిగైంది, నేనూ దర్శనానికి పోక చాన్నాళ్ళాయె. నేనూ వస్త" అంది ఆమె.

ఇంటికి రాగానే వాడు, "అబద్ధం చెప్పిననని చిన్నప్పుడు నన్ను చీపురుతోని కొట్టినవ్ గదా?" అన్నాడు. "ఇప్పుడు గూడ కొడ్త" అన్నాను. కానీ చీపురు ఎవరికి పడాలో ఇద్దరికీ తెలుసు. కాసేపటికి వాడే, "పోనీ తియ్ అమ్మమ్మా. వెంట్రుకలు మళ్ళొస్తయి, నౌకరి మళ్ళ రాదు" అన్నాడు. శనివారం తలస్నానం చేసి, ఎండలో కూర్చుని చాలాసేపు దువ్వుకున్నాడు. నేను కోరుకున్నదే జరుగుతోంది. అయినా అటు చూడలేక, ఒకసారి చెరిగిన బియ్యమే మళ్ళీ చెరిగాను.

ఆదివారం భద్రాచలంలో బస్సు దిగి కల్యాణకట్టకు పోయాం. మనవడు బుద్ధిగా పోయి కూర్చుని ముడి విప్పాడు. జుట్టు భుజాల మీద పడింది. కత్తి పట్టుకున్నాయన నీళ్ళు చల్లబోతుంటే, "ఆగు నాయనా, మూడు కత్తెర్లు చాలు" అన్నాను. ఆడవాళ్ళు గుండు చేయించుకోకుండా మూడు కత్తెర్లతో మొక్కు తీర్చుకుంటారు గదా, అది గుర్తొచ్చింది.

"అది ఆడోళ్ళకమ్మా. మగోళ్ళకు గుండే."

"ఆడోళ్ళకు ఎందుకు?"

"జడ ఉంటది గదమ్మా, పాపం."

"మరి వానికున్నది ఏంది, తోకనా?"

ఆయన వాడి జుట్టు చూసి, నన్ను చూసి, "రూల్ అమ్మా" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే, వేరే బస్సులో వచ్చిన హెడ్ సిస్టర్. నవ్వాపుకొని, "మొక్కింది ఏమని పెద్దమ్మా? మూడు కత్తెర్లనా, గుండనా?" అని అడిగింది.

గోదావరి ఒడ్డున, రాముడికి అంత దగ్గరగా నిలబడి ఇంకో అబద్ధం ఆడేంత ధైర్యం నాకు లేదు. "మొక్కే లేదమ్మా. ఆ రోజు నా నోటికి వచ్చింది, చెప్పేసిన. పిలగాడు మొక్కలే, నేనూ మొక్కలే" అన్నాను. మనవడి ముఖం పాలిపోయింది. కటింగ్‌తో తీరిపోయే ముప్పును నేను నౌకరీ మీదికే తెచ్చానని అప్పుడు అర్థమైంది. ఇక ఆలోచించలేదు. "లే బిడ్డా" అని వాణ్ణి లేపి ఆ చోటులో నేను కూర్చున్నాను. "దేవుని పేరు వాడుకున్నది నేను. తల ఇయ్యవలసింది గూడ నేనే. కానియ్ నాయనా."

"నీకు మూడు కత్తెర్లు చాలమ్మా" అన్నాడాయన.

"నాకు గుండు చెయ్యి. రూల్ నీకు నేను చెప్తున్న."

నా నెత్తి మీద కత్తి నడిచింది. లేచాక హెడ్ సిస్టర్ నా భుజం పట్టుకుని నిలబెట్టింది. "ముప్పై ఏండ్ల సంది నా జడ టోపీ కింద దాస్కోని డ్యూటీ చేస్తున్న. వీనికొక్క టోపీ దొరకదా మన దవాఖానాల?" అని, వాడి వైపు తిరిగి వేలు చూపించింది. "టోపీ బయటికి ఒక్క వెంట్రుక కనబడ్డదో, కత్తెర నేనే పడ్త." ఆమె దర్శనానికి క్యూలో నిలబడింది. నేను మాత్రం ఆ రోజు దేవుడికి గోపురం బయటి నుంచే దండం పెట్టి వచ్చాను. ముఖం చూపించడానికి మొహమాటం వేసింది.

ఎండాకాలం. తిరుగు బస్సులో కిటికీలోంచి వచ్చే వడగాలికి నున్నటి నెత్తి పెనంలా కాలుతోంది. మనవడు తువాలు తడిపి, పిండి, మడత పెట్టి, నా తల చుట్టూ రెండు చుట్లు తిప్పి చెవి వెనక దోపాడు. ముందు సీటులో ఆవిడ వెనక్కి తిరిగి, "అయ్యో, తలకు దెబ్బ తాకిందా అమ్మా? కట్టు ఎంత మంచిగ కట్టిండు! ఏ దవాఖానాల చేస్తవు బాబూ?" అంది. వాడు చెప్పాడు. ఆవిడ వాడి చేతులకేసే చూస్తూ వింది. జుట్టు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ కట్టు మా ఊరు వచ్చేదాకా జారలేదు. మర్నాడూ నేను విప్పలేదు, ఆ మర్నాడూ విప్పలేదు. ఊళ్ళోవాళ్ళు అడిగితే చలిగా ఉందని చెప్పాను.