బాపు ఒట్టు, రెండు వందల లీటర్ల డ్రమ్ము

సముద్రం చూడ్డానికి లోకంలో జనం రైలెక్కుతారు, బస్సెక్కుతారు. మేము మాత్రం ఇల్లెక్కి వెళ్లాం. ఆ ఇంటికి ఆరు చక్రాలు, ఒక హారన్, నేల నిండా మిరపగింజలు. మహబూబాబాద్‌లో ఉండే మా మేనమామ లారీ అది. అంతకు వారం ముందు దాకా గుంటూరుకు ఎండుమిరప బస్తాలు మోసింది. దాని మీద టార్పాలిన్ కట్టి, లోపల రెండు నులక మంచాలు, నాలుగు పరుపులు, కిరోసిన్ స్టవ్వు వేసి, "ఇగ చూడు బావా, నీకు బంగ్లా కట్టిచ్చిన" అన్నాడు మామ. రఘునాథపల్లిలో కదిలిన ఆ బంగ్లా జనగామ దాటేలోపు వెనక కూర్చున్న మేం నలుగురం నాలుగు వందల తుమ్ములు తుమ్మాం. ఇది తక్కువ చేసి చెబుతున్న లెక్క.

నాన్నను మేం పిలిచేది బాపు అని. ఈ ప్రయాణానికి మూలం ఆయన తల్లి, మా అవ్వ. డెబ్బై దాటింది. "గన్ని నీళ్లు ఒక్క దగ్గరుంటయంటరు, ఒక్కపారి చూపియ్యి కొడుకా" అని ఏడాదిగా బాపు ప్రాణం తీస్తోంది. ఆయన తల్లిమాట కాదనలేడు. అలాగని హాయిగా తీసుకెళ్లనూ లేడు. మధ్యలో ఒట్టుంది.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బాపు జనగామలో నినాదాలిచ్చి ఒక పూట ఠాణాలో కూర్చొచ్చాడు. ఆయన చెప్పడంలో అది ఏటా కొంత పెరుగుతూ, నేను డిగ్రీలో చేరేనాటికి పక్షం రోజుల జైలయింది. ఆ ఠాణా మెట్లు దిగుతూనే, కోస్తా దిక్కు నీళ్లు చుక్క కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పన్నెండేళ్లు నిలబెట్టుకున్నాడు. రఘునాథపల్లిలో కూర్చుని కోస్తా నీళ్లు ముట్టకపోవడంలో కష్టమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఊళ్లో మాత్రం దానికి మహా విలువ. పంచాయితీలో ఎవరైనా మాట తప్పితే, "ఒట్టంటే గాయనది, నీదేంది?" అని బాపును చూపించేవాళ్లు. బాపు తువ్వాల సర్దుకునేవాడు.

"మరి సముద్రం వాళ్లది కాదా?" అంది అమ్మ, బయలుదేరే ముందు.

"సముద్రం ఎవని అబ్బ సొత్తు కాదు. గది తాగే నీళ్లు గూడ కాదు."

తాగే నీళ్ల కోసం మా పొలం బావి నుంచి రెండు వందల లీటర్ల ఇనుప డ్రమ్ము నింపించాడు. ఒక మంచం అవ్వకు. రెండోది డ్రమ్ముకు. కుదుపులకు కదలకుండా దాన్ని మంచానికి మోకుతో కట్టి, బాపు పక్కనే కావలి కూర్చున్నాడు. నేనూ అమ్మా మిరపగింజల మీద పరుపులేసుకుని కూర్చున్నాం. ఆ డ్రమ్మును ఊరేగించినంత భద్రంగా పెళ్లికొడుకుని కూడా ఊరేగించరు.

సూర్యాపేట దాటాక నా వీపు చల్లబడింది. ఆహా, సముద్రపు గాలి ఇంత దూరం వస్తుందా అనుకున్నాను. గాలి కాదు. డ్రమ్ముకు అడుగున చిల్లి పడి నీళ్లన్నీ నా పరుపులోకి దిగుతున్నాయి.

"ఏం జూస్తన్నవురా గంత సేపు?" అని బాపు నా మీదే ఎగిరాడు, ఆ చిల్లి నేనే కొరికినట్టు.

"నేను పండుకున్న బాపూ!"

"పండుకునేటానికా తోలుకొచ్చింది?"

విహారానికి తీసుకొచ్చిన మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? అమ్మ ఒంటిసబ్బు నలిపి చిల్లికి మెత్తింది. కారడం ఆగింది. కానీ లోపల మిగిలింది రెండు బకెట్లు. సబ్బు లోపలికీ కరిగినట్టుంది, అక్కడి నుంచి ఆ నీళ్లు తాగిన వాడి నోట్లోంచి మాటతో పాటు నురగ కూడా వచ్చేది.

బెజవాడలో కృష్ణ దాటుతున్నప్పుడు మామ లారీ పక్కకు ఆపి వెనక్కి వచ్చాడు. "బావా, గివి మన నల్లగొండ మీదికెల్లి వచ్చిన నీళ్లేనాయె. జర నింపుకుందాం."

బాపు కిందికి చూశాడు. "మన దగ్గర మంచిగనే ఉండె. ఈడిదాక వచ్చి చెడిపోయినయి" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బాపట్ల దాటి సూర్యలంక తీరం చేరాం. మామకు వాగుల్లో లారీ దింపడం అలవాటు. ఇసుకంటే ఇసుకే కదా అని సముద్రం దాకా తోలబోయాడు. సగం దూరంలో చక్రాలు కూరుకుపోయి, ఇంజన్ మూతలోంచి తెల్లటి ఆవిరి లేచింది. మేం దిగి అవ్వను నడిపించుకుంటూ ఒడ్డుకు వెళ్లాం. అవ్వ సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "గిది ఎవలు జోకిన్లు?" అంది, ఎవరు కొలిచారని. తర్వాత, "ఇగ నీళ్లు పొయ్యి కొడుకా, నోరెండుతాంది" అంది.

అవ్వను తీసుకుని లారీ దగ్గరికి వెళ్లి చూస్తే డ్రమ్ము బోర్లించి ఉంది. మామ తృప్తిగా చేతులు తుడుచుకుంటున్నాడు.

"రేడియేటర్ల పోసిన బావా. ఇంజన్ నిలబడ్డది."

"మా అవ్వ పడిపోతది గదరా!"

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా?"

చుట్టూ జనం కుండల్లో నీళ్లు పెట్టుకుని అన్నాలు తింటున్నారు. అడిగితే చెంబుడు పోయనివాళ్లెవరూ లేరక్కడ. బాపు అడగలేదు, నన్ను అడగనివ్వలేదు. నా చేతికి పార ఇచ్చాడు. "చెలిమె తోడు. భూమి కిందికెల్లి ఊరిన నీళ్లకు దిక్కుండదు."

మా వాగుల్లో ఎండాకాలం ఇసుకను మోచేతి లోతు తోడితే తియ్యటి నీళ్లు ఊరుతాయి. అదే చెలిమె. అలకు పది అడుగుల దూరంలో తవ్వాను. నీళ్లొచ్చాయి. బాపు దోసిట పట్టి నోట్లో పోసుకుని, ముఖం ఊరుగాయ ముక్కలా చేసి ఉమ్మాడు. "ఇంకో దగ్గర." ఇంకోటి తవ్వాను. అలొచ్చి పూడ్చింది. మూడోది, ఐదోది... ఇంకాసేపు తవ్వితే అవతలి దేశంలో తేలేవాణ్ణి. లారీ నీడలో కూర్చున్న అవ్వకు వెక్కిళ్లు మొదలయ్యాయి. అమ్మ కొంగుతో విసురుతోంది. బాపూ నేనూ పరుగెత్తుకొచ్చాం.

"కొడుకా" అంది అవ్వ వెక్కిళ్ల మధ్య, "నా గొంతుల నీళ్లు పోస్తవా, నీ ఒట్టు పోస్తవా?"

బాపు తలవంచుకున్నాడు. నేను నవ్వబోయి ఆగిపోయాను. పన్నెండేళ్లలో ఆయన ముఖం అంత చిన్నగా అవడం నేను చూడలేదు.

ఎండుచేపల గంపతో పోతున్న ఒక ఆవిడ మా గుంతలన్నీ చూసి గంప దించింది. "ఏవండోయ్, సముద్రం నోట్లో గొయ్యి తీస్తే మంచినీళ్లొస్తాయా? ముసలమ్మని ఎండబెట్టేశారు! అదిగో, ఆ సరుగుడు చెట్ల కింద తవ్వాలి. మేమంతా తాగేది ఆ చెలమే" అంటూ సత్తు చెంబు పుచ్చుకుని తనే వెళ్లి ముంచుకొచ్చింది.

అవ్వ గటగటా తాగింది. సగం తాగి ఆగింది. చెంబు బాపు ముందుకు చాపింది.

"తాగు."

"అవ్వా, ఒట్టు..."

"గామె చేతిది గాదు, నా చేతిది. నా చేతి నీళ్లు ఏ దిక్కువిరా?"

బాపు ఒకసారి మామను చూశాడు, ఊరికెళ్లి చెప్తాడేమోనని. మామ మర్యాదగా టైరు వైపు తిరిగాడు. బాపు చెంబెత్తి, కళ్లు మూసుకుని తాగాడు. ఖాళీ చెంబును కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఆ చేపలావిడ వైపు చాపి, నేను ఎన్నడూ వినని గొంతుతో, "అక్కా, ఇంకిన్ని పొయ్యి" అన్నాడు. మొత్తం తొమ్మిది చెంబులు. పదోది అమ్మ లాక్కుంది.

కథ అక్కడితో ముగిసి ఉంటే నా నడుము బాగుండేది. మర్నాడు పొద్దున జనం లారీని తోసి ఇసుకలోంచి లేపాక, బాపు తనే మా డ్రమ్మును దొర్లించుకుంటూ సరుగుడు చెట్ల దాకా వెళ్లి, నా చేత ఆ నీళ్లతో నింపించాడు. ఊరు చేరాక ఆయనే అందరినీ పిలిచి గ్లాసులిచ్చాడు. "నా ఒట్టు పోయింది. నీళ్లు మాత్రం గిట్లుంటయి, తాగి చూడున్రి" అన్నాడు. ఆ తర్వాత పంచాయితీలలో ఆయన్ని ఎవరూ చూపించలేదు, ఆయన తువ్వాల సర్దుకోనూ లేదు.

సూర్యలంక ఆయనకు పుట్టిల్లయిపోయింది. ఏటా మిరప అమ్మకాలయ్యాక అదే లారీ, అవే తుమ్ములు. డ్రమ్ము ఇక్కడి నుంచి ఖాళీగా పోయి అక్కడి నుంచి నిండుగా వచ్చేది. రేగొండ నుంచి చుట్టాలొస్తే ముందు ఆ నీళ్లే. చిల్లికి మాటు వేయించి మూయిద్దామని నేను ఏటా అడిగేవాణ్ణి. "సబ్బున్నది గదరా" అనేవాడు బాపు, డ్రమ్మును మంచానికి కడుతూ. దాని కింద పరుపు నాదే.