కంకర రోడ్డు మీద పెరుగు ప్రయాణం

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేం కాదు, ఎనభైల మొదట్లో, మా మిషిగన్‌లో కారు నడపడం రాని మనిషికి కాళ్ళు లేనట్టే లెక్క. నాకు కారు నడపడం రాదు. నేర్చుకోక కాదు. పరీక్ష పెట్టే అధికారి పక్క సీట్లో కూర్చుని "హౌ ఆర్ యూ టుడే?" అనగానే నాకు అరచేతులు చెమటలు పట్టి, ఏది బ్రేకో ఏది కాదో మర్చిపోయేదాన్ని. (రెండోసారి ఆయన పాపం ఏమీ అడగలేదు. ఎప్పుడు అడుగుతాడో అన్న బెంగలో స్టాప్ సైన్ దాటేశాను.) అందుకని నోవై అనే ఊళ్ళో మా ఇంటి నుంచి ఆఫీసుకి సైకిలు మీద వెళ్ళేదాన్ని. కార్ల తలుపుల పిడులకి డ్రాయింగులు గీసే ఆఫీసు అది. పగలంతా కార్ల కోసం గీతలు గీసి, సాయంత్రం సైకిలెక్కి ఇంటికి వచ్చే అమ్మాయిని చూసి మా తెలుగువాళ్ళంతా నవ్వేవారు. నాకు మాత్రం సైకిలు మీద ఉన్నంతసేపూ ప్రాణం హాయిగా ఉండేది. కారణం ఒక్కటే. కదులుతున్న సైకిలుని ఎవరూ ఆపి పలకరించరు.

మా ఆఫీసులో ఒక టైపిస్టు ఉండేది. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, మగవాడిలాంటి పిక్కలు. తారు రోడ్లంటే ఆవిడకి చిరాకు. సెలవొస్తే చాలు, ఊరి బయట మొక్కజొన్న చేల మధ్య కంకర పోసిన రోడ్ల మీద సైకిలు తొక్కడానికి పోయేది. నేను మనసులో ఆవిడకి కంకరమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఒక శనివారం నన్నూ లాక్కెళ్ళింది. నా సన్న టైర్ల సైకిలు చూసి పెదవి విరిచి, తన గరాజులోంచి లావు టైర్ల పాత సైకిలొకటి తీసిచ్చింది. "టైర్లలో గాలి కాస్త తగ్గించు, హ్యాండిలు గట్టిగా పట్టుకోకు, చక్రం ఎటో పోతున్నట్టు అనిపిస్తే పోనీ, అదే సర్దుకుంటుంది" అని చెప్పింది. నా జీవితంలో అప్పటిదాకా నాకు ఎవరూ ఏదీ గట్టిగా పట్టుకోవద్దని చెప్పలేదు.

ఆ రోడ్లలో ఏముందని అడిగితే చెప్పడం కష్టం. ఏమీ లేదు, అదే ఉంది. టైర్ల కింద సన్నటి రాళ్ళు చిటపటమనే చప్పుడు, దూరంగా ఒక ధాన్యపు గిడ్డంగి, కంచె అవతల మనల్ని చూసి మేత ఆపేసే ఆవులు. ఎదురుగా ట్రాక్టరు మీద వచ్చే రైతు స్టీరింగు మీంచి ఒక్క వేలు పైకెత్తి వెళ్ళిపోతాడు. అదే పలకరింపు. నేనూ ఒక్క వేలు ఎత్తేదాన్ని. మనుషుల మధ్య అంత ముక్తసరి సంభాషణ కోసమే నేను పుట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నానేమో అనిపించింది. కాస్త అలసిపోయాక, ఏ చెట్టు కిందో దిగి, సంచిలోంచి లైబ్రరీ పుస్తకం తీసి చదువుకునేదాన్ని. కంకరమ్మ గడ్డిలో పడుకుని గురక పెట్టేది.

ఆకులు రంగు మారే కాలంలో కంకరమ్మా, ఆవిడ స్నేహితురాళ్ళూ ఉత్తరాన అడవుల్లో కంకర దారుల మీద రెండు రోజులు సైకిళ్ళ మీద తిరిగి, రాత్రికి గుడారాల్లో పడుకుంటారట. "నువ్వూ రా" అంది. ఆ మాట విన్నాక నాకు డైరీలో రాసుకోవడానికి ఇంకో విషయం లేకుండా పోయింది. ఇంట్లో అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు. చివరికి ఒకరోజు అన్నం తింటూ ఎలాగో చెప్పేశాను. అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్న తాపీగా ముద్ద మింగి, "గుడారాలా? సైకిళ్ళా? ఎవరమ్మా వీళ్ళంతా?" అన్నారు.

"ఆఫీసువాళ్ళు నాన్నా. అందరూ పెద్దావిడలే."

"పెద్దావిడలకి ఇంట్లో పనుల్లేవా?" అంది అమ్మ.

నాన్న నాలుగు రోజులు ఆలోచించి ఒక పందెం లాంటిది పెట్టారు. నెలకోసారి మా తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ ఒకరింట్లో ప్రార్థన కూటం పెట్టుకుని, తర్వాత అందరం కలిసి భోంచేసేవాళ్ళం. ఆ నెల కూటం పొలం ఆంటీ ఇంట్లో. (మొక్కజొన్న చేల నడుమ ఇల్లు కొనుక్కున్నారు గనక పిల్లలందరం అలా పిలిచేవాళ్ళం.) కూటానికి పెరుగు ఎప్పుడూ మా ఇంటి నుంచే వెళ్ళాలి. అమ్మ తోడు అంత ప్రసిద్ధి. ఇక్కడి పాలకి మీగడ కట్టదని అమ్మ చిక్కటి క్రీము డబ్బా ఒకటి గుమ్మరించి మరీ తోడు వేసి, వెచ్చగా ఉండే ఓవెన్లో పెట్టేది. ఆసారి చలికి పెరుగు పొద్దుటికి తోడుకోలేదు. అమ్మానాన్నా వంటలో సాయం చెయ్యడానికి తెల్లవారగానే కారులో వెళ్ళిపోవాలి. "అది తోడుకున్నాక నువ్వు సైకిలు మీద తీసుకురా. కంకర రోడ్డే కదా నీకిష్టం. ఒక్కదానివే వచ్చి, పెరుగుని పెరుగులాగే అక్కడికి తెచ్చావంటే, ఆ గుడారాల సంగతి ఆలోచిద్దాం" అన్నారు నాన్న. ఆలోచిద్దాం అంటే మా ఇంట్లో వెళ్ళమన్నట్టే.

పెరుగు గడ్డలా తోడుకుంది. ముప్పావు వంతు నిండిన స్టీలు క్యానుకి మూత బిగించి, గుడ్డ చుట్టి, కంకరమ్మ ఇచ్చిన సైకిలు వెనక క్యారియరుకి తాళ్ళతో, బాలింతకి నడికట్టు కట్టినంత జాగ్రత్తగా కట్టాను. ఊరు దాటి కంకర ఎక్కేదాకా అంతా బాగుంది. అక్కడి నుంచి కథ మారింది. ముందు వారం వానలకి రోడ్డంతా అడ్డంగా గట్లు తేలి, మైళ్ళ పొడవునా అప్పడాల కర్రలు పేర్చినట్టుంది. నా పళ్ళు, కళ్ళజోడు, సైకిలు గంట, అన్నీ ఎవరికి వాళ్ళు వణుకుతున్నాం. వెనక క్యానులోంచి మొదట గుడగుడమని వినిపించింది. కొంతదూరం పోయాక థప్ థప్ మని. టైరులో గాలి పోయిందేమోనని దిగి చూశాను. టైరు బాగానే ఉంది. మూత తీసి చూద్దామా అనుకుని, కట్టు విప్పితే మళ్ళీ అంత గట్టిగా కట్టలేనేమోనని ఊరుకున్నాను. ఇసుక మేటవేసిన ఎత్తు దగ్గర చక్రం జారింది. పడబోయాను. కంకరమ్మ మాట గుర్తొచ్చి హ్యాండిలు వదులు చేశాను. చక్రం అటూ ఇటూ తల ఊపి, నిజంగానే సర్దుకుంది. సైకిలు దిగకుండా ఎత్తు మీదికి తొక్కుకుంటూ ఎక్కినప్పుడు, చుట్టూ ఎవరూ లేరు గనక, గట్టిగా కేక వేశాను. ఒక ఆవు మాత్రం తలెత్తి చూసింది.

పొలం ఆంటీ ఇంటికి చేరేసరికి అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ప్రార్థన చేస్తున్నది ఆమెన్ అంకుల్. (ఎంతసేపు విన్నా ఆ మాట మాత్రం ఆయన నోటికి రాదు. అందుకే ఆ పేరు.) నేను బురద ప్యాంటుతో, చేతిలో క్యానుతో గుమ్మంలోనే నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడే ఆయన గొంతు పెంచారు.

"తండ్రీ, దారిలో ఒంటరిగా వస్తున్న మా బిడ్డను జ్ఞాపకం చేసుకో ప్రభువా. ఆమె చక్రాలను కాపాడు. ముందు చక్రాన్ని కాపాడు, వెనక చక్రాన్ని కాపాడు. కుక్కల నోళ్ళు మూయించు. ఆమె తెస్తున్న పెరుగును కూడా నీ చేతులకు అప్పగిస్తున్నాం తండ్రీ..."

వచ్చేశానని చెప్పాలి. ఎలా చెప్పాలి? నలభై మంది కళ్ళు మూసుకుని నా క్షేమం కోరుతుంటే, క్షేమంగానే ఉన్నానండీ అని మధ్యలో ఎలా అనడం? నేనూ తలవంచుకుని, నా ప్రయాణం బాగా జరగాలని వాళ్ళతో పాటు ప్రార్థించాను. ఆయన నా సైకిలు గొలుసు దగ్గరికి వచ్చేసరికి, మూల కుర్చీలోంచి పొలం ఆంటీ అత్తగారు, నర్సాపురం నుంచి చూడ్డానికొచ్చిన మామ్మగారు, అడ్డం పడ్డారు. ఆవిడ కళ్ళు మూసుకోరు. ఆ వయసులో మూస్తే నిద్రపడుతుందట.

"పిల్ల ఎప్పుడో వచ్చేసింది నాయనా. గుమ్మంలో నిలబడి కాళ్ళు పీకుతున్నాయి దానికి. ఇహ ఆమెన్ అను."

నవ్వుల మధ్య భోజనాలు మొదలయ్యాయి. నాన్న నన్ను చూసి తృప్తిగా తల ఊపారు. నేను అప్పుడే గుడారంలో పడుకున్నట్టు ఊహించుకుంటున్నాను. ఇంతలో అమ్మ క్యాను మూత తీసి, "ఓరి దేవుడా" అంది. అందరూ తొంగి చూశారు. పెరుగు లేదు. పల్చటి మజ్జిగ మీద తెల్లగా ముద్దలు ముద్దలుగా వెన్న తేలుతోంది.

"పెరుగేదమ్మా?" అన్నారు నాన్న.

ఉత్తరాన అడవులు, ఎర్రటి ఆకులు, అన్నీ ఆ మజ్జిగలో మునిగిపోయాయి. నాన్న చిన్నగా, "మాటంటే మాటే కదమ్మా" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఏదీ, ఇలా తేండి" అన్నారు మామ్మగారు. వచ్చి నెల దాటినా ఆవిడకి ఇక్కడి తిండి పట్టలేదు. సబ్బు బిళ్ళలా కాగితం చుట్టి అమ్మేదాన్ని వెన్నంటే నేనొప్పుకోనని రోజూ కొడుకుతో పోట్లాట. క్యానులో చెయ్యి పెట్టి, ఒక ముద్ద తీసి, అరచేతిలో నీళ్ళు పిండి, నోట్లో వేసుకుని, ప్రార్థనలో కూడా మూయని కళ్ళు మూశారు.

"ఎవరు చిలికారే ఇది?"

"రోడ్డు చిలికిందండీ" అన్నాను. అంతమందిలో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. ఇల్లంతా గొల్లున నవ్వింది.

ఆ తర్వాత జరిగింది చెప్తే నమ్మరు. వేడివేడి అన్నం, ఆవకాయ, దాని మీద అప్పుడే చిలికిన వెన్న. దేశం వదిలాక ఎవరూ అది తిని ఎరగరు. కోడికూర గిన్నె దగ్గర నిలబడ్డవాళ్ళంతా వచ్చి క్యాను దగ్గర వరసలో నిలబడ్డారు. ఆమెన్ అంకుల్ దీనికి ప్రత్యేక కృతజ్ఞతా ప్రార్థన చేద్దామన్నారు. తిన్నాక, తిన్నాక అని అందరూ ఆయన్ని బతిమాలారు. మామ్మగారు రెండోసారి అన్నం పెట్టించుకుంటూ నాన్న వైపు తిరిగారు.

"ఏంటబ్బాయ్, మాటంటే మాటంటున్నావ్?"

"పెరుగు పెరుగులాగే తెస్తే సైకిలు ప్రయాణానికి పంపుతానన్నానండీ."

"తెచ్చుంటే ఇప్పుడు వేళ్ళు నాకేవాడివా?"

నాన్న మీసానికి వెన్న మెరుస్తోంది. ఆయన దాన్ని తుడుచుకునేలోపు నేనే లేచి నిలబడ్డాను. ఎలా లేచానో నాకిప్పటికీ తెలియదు. "ఒక్కదాన్నే వచ్చాను నాన్నా. పడలేదు, దారి తప్పలేదు, భోజనాల వేళకే వచ్చాను. క్యానులోంచి చుక్క కూడా ఒలకలేదు. నేను వెళ్తాను" అన్నాను.

నాన్న నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "వెళ్ళిరా అమ్మా" అన్నారు. వెంటనే అమ్మ, "స్వెట్టరు రెండు పెట్టుకో" అంది. అంటే అమ్మ కూడా ఒప్పుకుందన్నమాట.

వెళ్ళాను. రెండు రోజులూ ఎర్రటి ఆకుల కింద కంకర మీద తొక్కాను, గుడారంలో చలికి రెండు స్వెట్టర్లూ వేసుకుని, దుప్పటి కింద టార్చి వెలుగులో నవల చదివాను. ఎవరెస్టు ఎక్కినవాళ్ళు కూడా అంత గర్వంగా కిందికి దిగి ఉండరు.

ఇప్పుడు నాకు లైసెన్సుంది, కారుంది. ఆఫీసుకి పోయే దారిలో ఆ కంకర రోడ్డు పక్కకి తిరిగే చోట కాస్త నెమ్మదిస్తాను. వెనక కారువాడు హారను కొడతాడు. ఆ రోజుల్లోని సైకిలు పిల్లయితే సిగ్గుతో చచ్చిపోయి, క్షమించమని గొణుక్కుంటూ ముందుకు దూకేది. నేను కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, నువ్వు పో నాయనా అని అతనికి దారిచ్చి, దుమ్ము కూడా లేవని ఆ ఖాళీ రోడ్డుని ఇంకాసేపు చూసి నవ్వుకుంటాను.