బకెట్ నీళ్లకు గుప్పెడు కాస్టిక్

పోయిన కాలు నాది కాదు. మౌలాలి వైపు ఒక ప్లేటింగ్ షెడ్డులో నాతోపాటు ఇరవయ్యేళ్లు పనిచేసిన మనిషిది. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. ఆ కాలు ఎందుకు పోయిందో ఆసుపత్రి కాగితాల్లో ఒకటే మాట ఉంది: షుగర్. షెడ్డు యజమానీ అదే అన్నాడు, వాళ్ల బస్తీ జనమూ అదే అన్నారు. లెక్క ఎవరికీ అక్కర్లేదు. లెక్క నా దగ్గర ఉంది. అందులో నా వాటా కూడా ఉంది గనక ఎవరూ అడక్కపోయినా రాస్తున్నాను.

తలుపు గడియలు, కుళాయి పిడులు, కుర్చీ గొట్టాలు మా షెడ్డుకు తుప్పుతో వచ్చి తళతళలాడుతూ పోయేవి. ముందు కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి జిడ్డు వదిలించాలి. తర్వాత తేజాబ్‌లో ముంచి తుప్పు వదిలించాలి. తేజాబ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే; మాలో ఆ పెద్ద పేరు పలికేవాళ్లు లేరు. ఆ పైన నికెల్ పూత. సత్తువ పోయిన తేజాబ్‌ను, పాత కాస్టిక్‌ను డ్రమ్ముకు డ్రమ్ము చొప్పున వెనక సిమెంటు గుంటలోకి వదిలేవాళ్లు. శనివారం మధ్యాహ్నం ఆ నీళ్లు కొంత తోడేసి, అడుగున పట్టిన మడ్డిని పారతో ఎత్తాలి. ఆ పని మా తమ్ముడిది. గంబూట్లు ఇవ్వలేదని అబద్ధం ఆడను, ఇచ్చారు. మడ్డిలో బూటు కూరుకుపోయి కాలొక్కటే పైకొచ్చేది. అందుకని బూట్లను గోడ మేకుకు తగిలించి, పిక్కల దాకా కొబ్బరినూనె పట్టించుకుని, ఉత్త కాళ్లతో దిగేవాడు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా పద్మారావు నగర్‌లో ఒక చిత్తుకాగితాల దుకాణంలో తూకానికి కొనుక్కున్నదే. కవిత్వం, చరిత్ర, హోమియోపతి, ఏది దొరికితే అది. ముప్పయ్యేళ్లు చేతులు ముంచినదాని గుణమేమిటో తెలియకుండా చావడం అవమానమనిపించి, ఒకరోజు తెలుగు మీడియం ఇంటర్ రసాయనశాస్త్రం తెచ్చుకున్నాను. అట్ట లేదు. వెనక సగమూ లేదు. ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణమూ నీరూ ఏర్పడతాయన్న వాక్యంతో ఆఖరి పేజీ అయిపోయింది. తర్వాతి పేజీలు ఏ మిర్చి బజ్జీల బండికి పోయాయో!

నాకు ఆ వాక్యం చాలనిపించింది. ఆ శనివారమే అతను గుంటలోంచి ఎక్కి కాళ్లు గీరుకుంటుంటే దగ్గరికి పోయాను.

"మండుతున్నయా తమ్మీ?"

"మండకుంట చల్లగుంటదానె అన్నా? తేజాబాయె."

"దానికి విరుగుడు మన తాననే ఉన్నది. బకెట్ నీళ్లల్ల గుప్పెడు కాస్టిక్ ఎయ్యి. పైకెక్కినంక దాంతోని కడుగు. రెండు కలిస్తే ఉప్పు నీళ్లే. పుస్తకంల ఉన్నది."

"పుస్తకంలనే ఉన్నదా? అరె, గిన్ని రోజులు పెద్ద డాక్టర్‌ను పక్కన వెట్టుకొని పరేషాన్ అయితున్న!"

కడుక్కున్నాడు. మంట తగ్గిందన్నాడు. పాదాలు నునుపుగా జారుతున్నాయని అందరికీ చూపించాడు. "పెండ్లికొడుకు కాళ్లు చూడుండ్రి!" అని గంతులేశాడు. ఆ జారుడు శుభ్రమనుకున్నాం. చర్మంలోని కొవ్వు సబ్బుగా మారి కరిగిపోతుంటే వచ్చే జారుడు అది. తేజాబ్ తగలగానే మండి మనిషి ఎగిరి దూకేలా చేస్తుంది. కాస్టిక్ అంత తొందరపడదు.

నెల తిరిగేసరికి గుంట పక్కన కాస్టిక్ బకెట్ పెట్టడం షెడ్డు ఆచారమైపోయింది. తొట్ల దగ్గరి వాళ్లు చేతులూ అందులోనే కడిగేవారు. కొందరు నన్ను సారూ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు నచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

రెండేళ్ల తర్వాత అదే దుకాణంలో అదే పాఠ్యపుస్తకం పూర్తిది దొరికింది, చివర సంవర్గమాన పట్టికలతో, అంటే లాగ్ టేబుళ్లతో సహా. నాకు దొరకని పేజీల్లో పీహెచ్ అధ్యాయం ఉంది. బలమైన ఆమ్లాలకూ బలమైన క్షారాలకూ లెక్క సులువు. అవి నీళ్లలో పూర్తిగా విడిపోతాయి, వేసినదంతా అయాన్లయిపోతుంది. సోడా నలభై గ్రాములైతే ఒక మోల్. మా తమ్ముడి గుప్పిట్లో పట్టేదాన్ని షెడ్డు త్రాసులో తూచాను, ఇంచుమించు అంతే. బకెట్ పది లీటర్లు. అంటే లీటరుకు 0.1 మోల్. దాని సంవర్గమానం మైనస్ ఒకటి, గుర్తు మారిస్తే ఒకటి. క్షారమైతే దాన్ని పధ్నాలుగులోంచి తీసెయ్యాలి, పీహెచ్ పదమూడు. స్వచ్ఛమైన నీళ్లది ఏడు. మధ్యన ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకూ పది రెట్లు. మామూలు నీళ్లకంటే పది లక్షల రెట్ల క్షారంతో ఆ మనిషి వారం వారం కాళ్లు కడుక్కుంటున్నాడు. కాలికి అంటుకుని పైకొచ్చే తేజాబ్ నాలుగు చెంచాలుంటుందేమో. దాన్ని విరచడానికి ఆ బకెట్లోంచి రెండు మూడు చెంచాలు చాలు. మిగిలిందంతా కాస్టిక్‌గానే ఉండి అతని పగుళ్లలోకి దిగింది.

గుంట నీళ్ల లెక్క కూడా చూద్దామని, షెడ్డులో పీహెచ్ రిజిస్టరు రాసే కెమిస్టు దగ్గరికి పోయాను. ఆయనది కోస్తా వైపు, నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడే. రిజిస్టర్లో గుంట పీహెచ్ ఎప్పుడూ ఆరున్నరే.

"ఈ ఆరున్నర ఎట్లొచ్చింది సార్?"

"యాసిడ్ డ్రమ్ము పీహెచ్ ఒకటి, కాస్టిక్ డ్రమ్ముది పన్నెండు. కూడితే పదమూడు, అందులో సగం. ఇందులో అడగడానికేముందండీ?"

"కలిపినంక పీహెచ్ కాయితం ముంచి చూసిండ్రా?"

"ఆ తుప్పు నీళ్లలో ముంచితే కాగితమూ తుప్పు రంగే తేలుతుంది. ఏం కనపడుద్ది?"

జేబులోంచి నా చీటీ తీశాను. "ఒకటంటే లీటరుకు 0.1, పన్నెండంటే 0.01. పది మంది మీదికి ఒక్కణ్ణి తోలినట్లు సార్. ఒక్కడికి ఒక్కడు పోతే ఇంక తొమ్మిది మంది ఉన్నరు గద. నీళ్లు రెండింతలైనయ్ గనక 0.045. పీహెచ్ 1.35 వస్తది. ఆరున్నర యాడిది?"

చీటీ అందుకుని పై నుంచి కింది దాకా చదివాడు. "పెద్దాయనా, మీరేం చదువుకున్నారు?"

"ఏడు."

"నేను ఎమ్మెస్సీ అండీ."

చీటీ మడిచి నా చేతిలో పెట్టాడు. లెక్క ఆయనకు అర్థం కాలేదని నేననుకోను. అర్థమైందని ఒప్పుకుంటే అన్ని సంవత్సరాల రిజిస్టరు అబద్ధమని ఒప్పుకోవాలి. ఇవాళ ఫోన్ ఉన్న ఎవడైనా ఆ సూత్రాన్ని క్షణంలో తెప్పించుకోగలడు. కానీ వాళ్లలో ఒక్కడూ గుంటలో దిగడు. దిగేవాడి మాటకు విలువ లేదు, వాడి తరఫున మాట్లాడేవాడికి సర్టిఫికెట్ లేదు. ఈ దేశంలో అంకెలకు కూడా కులం ఉంటుందేమో అనిపించింది.

తమ్ముడికి ఆ రోజే చెప్పాను. "కాస్టిక్ బంజేయ్ తమ్మీ. నేను చెప్పింది తప్పు. ఉత్త నల్లా నీళ్లతోని పావుగంట కడుగు."

"ఏందే అన్నా, అప్పుడు విరుగుడంటివి, ఇప్పుడు విషమంటివి. నీ పుస్తకాలు సుత పార్టీలు మార్తయా?"

షెడ్డంతా నవ్వింది. అతను సరే సరే అన్నాడు. మళ్లీ శనివారం ఆ బకెట్ అక్కడే ఉంది. నేను తన్ని పారబోస్తే, నేను అటు పోగానే ఇంకొకటి కలిపారు. మొదట చెప్పిన అబద్ధం మంట తగ్గించింది. తర్వాత చెప్పిన నిజం ఏ సుఖమూ ఇవ్వలేదు. జనం దేన్ని నమ్ముతారు?

నేను పని మానేసిన ఏడాదికి, అతను మూడు వారాలుగా షెడ్డుకు రావడం లేదని తెలిసి మౌలాలి గుట్ట కింద వాళ్ల ఇంటికి పోయాను. కుడి కాలు చాప మీద చాపుకుని కూర్చున్నాడు. అరికాలిలో రూపాయి బిళ్లంత పుండు. నొప్పి లేదన్నాడు. షుగర్ ముదిరినవాడికి నొప్పి ఎక్కడ తెలుస్తుంది!

"దేంతోని కడుగుతున్నవ్ చెల్లె?" అని అతని భార్యను అడిగాను.

"మీరు చెప్పిన నీళ్లే గదన్నా. ఆయననే షెడ్డుల నుంచి సోడా పొట్లం గట్టి తెచ్చిండు. పొద్దుగాల ఒకపారి, మాపటికొకపారి. పుండు తెల్లగైతున్నది, సాఫ్ అయితున్నదనుకున్న."

నాలుగు నెలలుగా కడుగుతోందట. ఒక్కరోజు తప్పలేదట.

పొట్లం తీసి మోరీలో పారేసి, అప్పటికప్పుడు ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరుకు కాస్టిక్ సంగతి, తేజాబ్ సంగతి, పదమూడు సంగతి చెప్పాను. "షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉంది?" అని అడిగి అదే రాసుకున్నాడు. షుగర్ కూడా నిజమే, కాదనను. ముందు రెండు వేళ్లు తీశారు. పన్నెండు రోజులకు మోకాలి కింది దాకా తీసేశారు. ఆ శనివారాలు కూడా గుంటలోకి మరొకడెవడో దిగాడు. వాణ్ణి నేను ఎరగను. వాడికైనా చెబుదామని పోతే షెడ్డు గేటు దగ్గర నన్ను లోపలికి పోనివ్వలేదు.

వార్డులో అతని మంచం అంచున కూర్చుని చెప్పేశాను. "నీ కాలు నేనే తీసిన తమ్మీ."

"ఊకోయే అన్నా. షుగర్ అని డాక్టరే చెప్పిండు. నువ్వు డాక్టర్ కన్న ఎక్కువనా?"

మందుల చీటీ వెనక లెక్కంతా వేసి చదివాను: నలభై గ్రాములు, పది లీటర్లు, పదమూడు. అర్థం కాని మంత్రాన్ని పెళ్లి పీటల మీద వినేవాడిలాగా మర్యాదగా విన్నాడు. నాకు కోపం వచ్చింది. నన్ను క్షమించాలన్నా తిట్టాలన్నా ముందు నేను చేసిందేమిటో తెలియాలి కదా. ఆ రెండూ చేయడే!

"అంత నిజమే అనుకో," అన్నాడు చివరికి. "ఇప్పుడేంది? కాలొస్తదా?"

"రాదు."

"మరి జెర పైకి జరుపు. ఈపు కింద దుప్పటి ముడుత పడ్డది, కుచ్చుకుంటున్నది."

చంకల కింద చేతులు వేసి ఎత్తాను. అతను మంచానికి కాలు తన్నిపెట్టి సాయం చేయబోయాడు, అటువైపు కాలు లేదు. పక్కకు ఒరిగిపోయాడు. మళ్లీ పట్టుకుని జరపాల్సి వచ్చింది.